జుట్టు రాలుతోందా? గమ్మీలా, బూజు ఎంజైములా, ఇనుపమాత్రలా: ఏది మేలు?

మా అన్న కూతురు అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దసరా సెలవులకు వచ్చి, సంచి విప్పి మూడు రకాల మందులు నా ముందు పెట్టింది. ఒకటి బయోటిన్ గమ్మీల సీసా. రెండోది శిలీంధ్ర (అంటే బూజు) ఎంజైములున్న పోషకాహార క్యాప్సూళ్లు. మూడోది పీహెచ్‌సీలో ఊరికే ఇచ్చిన ఎర్ర మాత్రల షీటు, ఒక్కటి కూడా చింపలేదు.

“అత్తా, దువ్వెన పెడితే చాలు, గుప్పెడు వస్తాంది. వీట్లో ఏది వాడల్ల? మూడూ మింగేస్తే పోలా?”

నేను డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పీజీ చేసే రోజుల్లో శెనక్కాయ చేలలోని మట్టి తెచ్చి ప్లేట్ల మీద బూజులు పెంచినదాన్ని. అందుకని మా ఇంట్లో జుట్టు, బూజు, పొట్ట, ఏ సమస్యయినా నా దగ్గరికే వస్తుంది.

ముందు నేనొకటి అడిగాను. “జులైలో జ్వరమొచ్చి పది రోజులు పడుకున్నావు కదా?” అవునంది. గట్టి జ్వరం, కాన్పు, కడుపు మాడ్చుకునే డైటింగ్, వీటిలో ఏదొచ్చినా రెండు మూడు నెలలకు జుట్టు కుప్పగా రాలుతుంది. వేరు చావదు కాబట్టి చాలామందికి కొన్ని నెలల్లో తిరిగొస్తుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలే. ఈ సంగతి తెలియక ఆ మూడో నెలలో ఏ సీసా కొంటే ఆ సీసాకే పేరొస్తుంది.

ఇక గమ్మీలు. పెద్దవాళ్లకు రోజుకు 30 మైక్రోగ్రాముల బయోటిన్ సరిపోతుందని అమెరికా లెక్క. ఈ సీసా మీద ఉన్నది 10,000. ఉడికిన గుడ్డొకటి తింటే 10 మైక్రోగ్రాములదాకా వస్తుంది. మన శెనక్కాయల్లోనూ బాగానే ఉంటుంది (కర్నూలు వైపువాళ్లు బుడ్డలంటారు, పేరు మారినా బయోటిన్ అదే). రోజూ శెనక్కాయల ఊరుబిండితో సంగటి తినే ఇంట్లో బయోటిన్ లోటు రావడం చాలా అరుదు. పచ్చి గుడ్డు తెల్లసొన అదేపనిగా తాగేవాళ్లకు రావచ్చు, అందులోని అవిడిన్ బయోటిన్‌ను పట్టేసుకుంటుంది. ఉడికిస్తే ఆ పట్టు పోతుంది. లోటు లేనివాళ్లకు గమ్మీలతో జుట్టు పెరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు.

డబ్బు పోతే పోయిందనుకోవచ్చు, కానీ ఇంకో చిక్కుంది. రెండేళ్ల కిందట నేనూ ఇవే తిన్నాను. చదువుకున్నదాన్నే, అయినా అద్దం ముందు నిలబడితే చదువు గుర్తుండదు. అప్పుడు థైరాయిడ్ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 ఎక్కువ అని వచ్చింది. థైరాయిడ్ మితిమీరి పనిచేస్తున్నట్టు ఉంది రిపోర్టు, నాకు చూస్తే ఏ లక్షణమూ లేదు. “జుట్టుకేమైనా మాత్రలు వాడుతున్నారా అమ్మా?” అని డాక్టర్ అడిగేదాకా నాకు తట్టలేదు. వారం ఆపి మళ్లీ చేయిస్తే అంతా మామూలే. ల్యాబువాళ్ల తప్పేమీ లేదు. చాలా కిట్లలో బయోటిన్‌నే కొక్కెంలా వాడతారు, రక్తంలో బయోటిన్ పొంగిపొర్లుతుంటే ఆ కొక్కెం పట్టదు. గుండెపోటును పట్టించే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలా తప్పుగా రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా కొన్ని కిట్లలో ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అందుకే ఆ పిల్లతో ముందు గమ్మీలు ఆపించాను.

రెండో డబ్బా దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చున్నాను, అది నా సొంత వ్యవహారం. లేబుల్ మీద ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజు నుంచి తీసిన అమైలేజ్ (పిండిని అరగదీసేది), ప్రోటీజ్ (ప్రోటీన్లను అరగదీసేది) అని ఉంది. కొత్త సరుకేం కాదు. జపాన్ శాస్త్రవేత్త తకమినె జోకిచి ఈ బూజు నుంచి తీసిన డయాస్టేస్‌కు 1894లోనే అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. మీ ఇంట్లో అజీర్తి సిరప్ ఉంటే లేబుల్ చూడండి, ‘ఫంగల్ డయాస్టేస్’ అని ఉండొచ్చు. పిండిపదార్థాన్ని అరగదీయడం దాని పని. మింగిన ఎంజైము నడిచి వెళ్లి జుట్టు కుదురు దగ్గర కూర్చోదు. అదీ ఒక ప్రోటీనే, చివరికి పేగులో పప్పులాగే అరిగిపోతుంది. నిజానికి వెంట్రుకతో నేరుగా పనున్న బూజు ఎంజైము కెరటినేజ్, అది వెంట్రుకను తినేది. పిల్లల తల మీద తామర వచ్చి జుట్టు ఊడేది అలాంటి బూజుల వల్లే.

అయితే బూజు ఎంజైముల్లో ఒకదానికి మాత్రం నేను చెయ్యెత్తుతాను: ఫైటేజ్. రాగులు, జొన్నలు, కొర్రలు, శెనక్కాయలు అన్నిట్లో ఫైటిక్ ఆమ్లం ఉంటుంది. ఒక్కో అణువుకు ఆరు ఫాస్ఫేట్లుంటాయి, వాటితో ఇనుమునూ జింకునూ పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. ఆస్పర్జిల్లస్ నైజర్ చేసే ఫైటేజ్ ఆ ఫాస్ఫేట్లను ఒక్కొక్కటే కోసేస్తుంది. పీజీలో కాల్షియం ఫైటేట్ (ఆ ఫైటిక్ ఆమ్లపు లవణమే) కలిపిన ప్లేట్లు పోసేవాళ్లం, పలచటి సున్నం పూసినట్టు తెల్లగా ఉండేవి. మధ్యలో మసిలాంటి నల్లటి బూజు, నాలుగు రోజులకు దాని చుట్టూ తెల్లదనం విరిగి అద్దంలా తేటపడిన వలయం. 1991లో ఈ ఎంజైము యూరప్‌లో పశువుల దాణాలోకి వచ్చింది. 1996లో స్వీడన్ పరిశోధకులు గోధుమ రొట్టెల భోజనంలో కలిపి మనుషులకు పెడితే ఇనుము ఎక్కువగా ఒంటికి పట్టింది.

కానీ అది పనిచేయాల్సింది తిండిలో, తిండితోపాటే. మా పిల్లకు షాపతను చెప్పింది “రాత్రి పడుకునే ముందు పాలతో” అని. అప్పుడు కడుపులో రాగీ లేదు, జొన్నా లేదు, ఏం కోస్తుంది? పైగా ఈ డబ్బాలో ఫైటేజే లేదు. ఫైటేజ్ ఉన్నవి కొనేవాళ్లు మిల్లీగ్రాములు కాదు, ఎఫ్‌టీయూ అనే యూనిట్లు చూడాలి. ఎంజైము విలువ బరువులో ఉండదు, పనిలో ఉంటుంది.

ఈ పనే మొలకెత్తించిన రాగి కొంతవరకు చేసుకుంటుంది, మొలకలో దాని ఫైటేజ్ అదే లేస్తుంది. రాత్రంతా పులిసిన పిండితో కాచిన అంబలీ మంచిదే. నేరుగా పిండి పోసి గెలికిన సంగటిలో ఆ అవకాశం లేదు, ఎసరు కాగేసరికి ఎంజైము చచ్చిపోతుంది. సంగటి మానమని కాదు. రాగిలో కాల్షియం దండిగా ఉంది, ఇనుము మాత్రం 100 గ్రాములకు 4, 5 మిల్లీగ్రాములే. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్కలో ఆడవాళ్లకు రోజుకు కావలసింది 29. అన్నట్టు, శెనక్కాయల్లో ముడుచుకున్నవి, బూజు పట్టినవి ఏరి పారేయండి. అఫ్లాటాక్సిన్ అనే విషం చేసే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ కూడా ఈ కుటుంబమే.

మూడోది ఎర్ర మాత్ర. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. పైసా ఖర్చు లేదు కాబట్టి విలువా లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మూడిట్లో ఏది మేలంటే, నెలసరి ఎక్కువయ్యే, జ్వరం పడి లేచిన, హాస్టల్ తిండి తినే పిల్లకు నా ఓటు దీనికే. అదీ హిమోగ్లోబిన్, ఫెరిటిన్ చూపించుకుని, డాక్టర్ చెప్పిన మోతాదులో. లోటు లేని మగపిల్లలు జుట్టు కోసమని ఇనుము మింగకూడదు, ఒంట్లో పేరుకుంటే చేటు. చిన్నపిల్లలకు మాత్రలు అందనివ్వకూడదు. మాత్ర వాడేవాళ్లకు మలం నల్లగా వస్తుంది, భయపడక్కర్లేదు. టీ, పాలు ఆ పూట దూరంగా పెట్టి, జామకాయో నిమ్మరసమో తీసుకుంటే ఇనుము బాగా పడుతుంది.

గమ్మీలు ఆపిన వారానికి పరీక్ష చేయించాం. ఫెరిటిన్ 11, అంటే ఇనుము నిల్వ అడుగంటింది. “అంటే ఇన్నాళ్లూ ఊరికే వచ్చిన మాత్రలు పక్కన పెట్టి గమ్మీలు కొనుక్కున్నానా అత్తా?” అంది. నేను మాట్లాడలేదు, నేనూ కొన్నదాన్నే.

ఎంజైము డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. మొన్న మా కాలేజీ పిల్లలతో ల్యాబులో ఫైటేట్ ప్లేట్ పోయించి, ఒక గుంతలో ఆ క్యాప్సూల్ పొడి, పక్క గుంతలో మొలకెత్తిన రాగి నానిన నీళ్లు వేయించాను. మర్నాడు చూస్తే క్యాప్సూల్ వైపు తెల్లగానే ఉంది. రాగి వైపు సన్నటి వలయం విడింది.