రైజోబియం వాడేవాళ్లకు: ప్యాకెట్ మీద శనగ పేరుందా?

రైజోబియం అంటే పప్పుజాతి పంటల వేళ్ల మీద బుడిపెలు కట్టించి, గాలిలో నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా. దాని పొడిని విత్తనానికి పట్టిస్తారు. ఆ పొడి పనిచేస్తుందా అని అడిగేవాళ్లను ముందు నేనొకటి అడుగుతాను. ప్యాకెట్ మీద ఏ పంట పేరుంది? మీరు వేసేది శనగై, దాని మీద ‘అపరాలకు’ (పప్పుధాన్యాలకు) అని మాత్రమే ఉంటే దయచేసి తీసుకోవద్దు.

మాది ఒంగోలు పక్క నల్లరేగడి, వర్షాధారం. ఏళ్ల తరబడి పొగాకు పండిన చేలో జేజీ-11 రకం శనగ మొదలుపెట్టిన ఏడు, పరిశోధన కేంద్రం నుంచి శనగ రైజోబియం తెచ్చి విత్తనానికి పట్టించాం. పూతకు ముందు రెండు మొక్కల్ని పారతో మట్టిగడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో నాననిచ్చి కడిగాను. పట్టి లాగితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. తల్లివేరు పైభాగాన గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. గోటితో చీలిస్తే లోపలంతా ఎరుపు. ఆ ఎరుపు ఉంటేనే గాలిలో నత్రజని మొక్కకు అందుతున్నట్టు. ఆకుపచ్చగా కనబడితే దాని పని అయిపోయినట్టే. పైపాటుగా యూరియా వేయకుండానే చేను నల్లగా నిగనిగలాడింది.

మరుసటి ఏడు ఇంకో పొగాకు చేను శనగకి మార్చాం. కేంద్రంలో స్టాక్ అయిపోయింది. టౌన్లో ఒక దుకాణంలో అడిగితే, "మినుముకైనా శనగకైనా ఇదే అన్నా" అని ఇచ్చారు. గడువు తేదీ దాటలేదు. పొడి విత్తనానికి అంటుకోడానికి బెల్లం నీళ్లు, నీడన ఆరబెట్టడం అన్నీ ఎప్పటిలాగే చేశాం. నెల దాటేసరికి కింది ఆకులు పసుపు తిరిగాయి. ఎండు తెగులేమోనని టెన్షన్ పడి కాండం చీల్చి చూశాం, లోపల గోధుమ చారల్లేవు. వేరు తవ్వితే నున్నగా ఉంది, ఒక్క బుడిపె లేదు. మినుము, పెసర, వేరుశనగ వేళ్లలో చేరే బ్యాక్టీరియా వేరు, శనగది వేరు అని మండల వ్యవసాయాధికారి చెప్పారు. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి పిచికారీ చేసి ఎలాగో గట్టెక్కించాం. పంట పేరు లేకుండా ప్యాకెట్ అమ్మడం మీద నాకు ఇప్పటికీ కోపమే.

మొదటి ఏడు చూసి ఊరంతా చెప్పాను కానీ, ఇప్పుడు అందరికీ అంత గట్టిగా చెప్పను. ఎన్నో ఏళ్లుగా శనగే వేస్తున్న మా తమ్ముడి చేలో పట్టించిన సాళ్లకీ, పట్టించని సాళ్లకీ తేడా కనబడలేదు. రెండింట్లోనూ బుడిపెలు బాగానే ఉన్నాయి. ఆ నేలకు ఆ బ్యాక్టీరియా ముందే అలవాటు. తెగులు మందు పట్టించే అలవాటున్నవాళ్లు దాన్ని ముందు పట్టించి, ఆరాక, విత్తే ముందు చివరగా రైజోబియం పట్టించాలి. రెండూ కలిపేస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

మాలాంటి రేగడిలో, శనగ ఎరగని చేనైతే నేను తప్పకుండా పట్టిస్తాను. పాత శనగ చేలకు మాత్రం ప్యాకెట్ మిగిలితేనే. ఈ అక్టోబరు విత్తుకి కేంద్రంలో ఇప్పుడే పేరు రాయించాను.