హలీం పేజీ ఒక్కటే వేరుగా కనపడాలంటే: వర్డ్‌ప్రెస్ కేటగిరీ టెంప్లేట్ రివ్యూ

హైదరాబాద్ తిండి మీద సైటు నడిపేవాళ్లకు రంజాన్ దగ్గరపడుతుంటే ఒక అవసరం వచ్చిపడుతుంది. బిర్యానీ, ఇరానీ చాయ్, టిఫిన్ల పేజీలు ఎప్పట్లాగే ఉండాలి. హలీం పేజీ మాత్రం పెద్ద ఫొటోలతో, ప్లేటు ధర, ఏరియా ఎదురుగా కనపడేలా మారాలి. ఈ ఒక్క పని కోసం పేజ్ బిల్డర్‌కు (పేజీలు డిజైన్ చేసే ప్లగిన్‌కు) ఏటా డబ్బు కట్టక్కర్లేదు. వర్డ్‌ప్రెస్ 6.1 నుంచి, అంటే 2022 నవంబరు నుంచి, సైట్ ఎడిటర్‌లోనే ఒక్క కేటగిరీకి విడిగా టెంప్లేట్ (పేజీ రూపాన్ని నిర్ణయించే అచ్చు) పెట్టుకోవచ్చు. లేఅవుట్ వరకు భేషైన పనితనం. పోస్టుల సంఖ్య దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది.

బ్లాక్ థీమ్ (సైటు మొత్తాన్ని బ్లాకులనే ముక్కలతో ఎడిటర్‌లోనే మార్చుకోనిచ్చే డిజైన్) ఉంటే అప్పియరెన్స్, ఎడిటర్, టెంప్లేట్స్‌లోకి వెళ్లి కొత్త టెంప్లేట్ బటన్ నొక్కాలి. కేటగిరీ ఆర్కైవ్స్ ఎంచుకోగానే అన్ని కేటగిరీలకా, ఒక్కదానికా అని అడుగుతుంది. ఒక్కదానికే అని చెప్పి హలీం ఎంచుకుంటే సరి. ముందుగా టైటిల్ బ్లాక్ సెట్టింగ్స్‌లో ఆర్కైవ్ రకం చూపించే స్విచ్ ఆపేయండి. లేకపోతే పేజీ నెత్తిన 'కేటగిరీ: హలీం' అని గవర్నమెంటు ఫైలు మీద రాసినట్టు ఉంటుంది.

తర్వాత క్వెరీ లూప్, అంటే పోస్టులను వరసగా చూపించే బ్లాక్. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఇందులో క్వెరీ రకం డిఫాల్ట్‌గానే ఉండాలి (పాత వెర్షన్లలో టెంప్లేట్ నుంచి క్వెరీ తీసుకోమనే స్విచ్ ఆన్‌లో ఉండాలి). సంఖ్య మార్చుకుందామని కస్టమ్‌కు మారిస్తే, హలీం పేజీలోకి సైటులోని తాజా పోస్టులన్నీ వచ్చి కూర్చుంటాయి. పైన హలీం శీర్షిక, కింద మొదటి ఫొటో ఉస్మానియా బిస్కెట్ది! డిజైన్ బాగానే కనపడుతుంది కాబట్టి చాలాసేపు ఎవరూ గమనించరు కూడా.

ఇక సంఖ్య సంగతి. డిఫాల్ట్‌లో ఉంచితే ఒక పేజీకి ఎన్ని పోస్టులన్నది సెట్టింగ్స్, రీడింగ్‌లో ఉన్న అంకెను బట్టే. మొదట్లో అది 10. మూడు గళ్ల వరసలో 10 పేర్చితే చివర్లో ఒక్క కార్డు ఒంటరిగా మిగులుతుంది. 12 అయితే రెండు గళ్లకైనా, మూడైనా, నాలుగైనా సరిపోతుంది. కానీ రీడింగ్‌లో 12 చేస్తే అన్ని పేజీలూ మారిపోతాయి. క్వెరీని డిఫాల్ట్‌లోనే ఉంచి ఒక్క హలీంకే కావాలంటే ప్రీ గెట్ పోస్ట్స్ (pre_get_posts) హుక్‌తో, అంటే పోస్టులు తెచ్చే ముందు మన మాట వినిపించే చోట, నాలుగు లైన్ల కోడ్ రాయక తప్పదు. ఆ కోడ్ నడిచేది అడ్మిన్ పేజీలో కాదని, మెయిన్ క్వెరీయేనని (పేజీకి పోస్టులు తెచ్చే అసలు క్వెరీ), హలీం కేటగిరీయేనని మూడూ చూసుకున్నాకే సంఖ్య మార్చాలి. మెయిన్ క్వెరీ అన్న షరతు వదిలేస్తే ఆ పేజీలోని విడ్జెట్లు, ఇతర లూప్‌లు కూడా 12కు తిరుగుతాయి.

పాత తరహా థీముల్లో ఈ ఎడిటర్ ఉండదు. ఆర్కైవ్ ఫైలును చైల్డ్ థీమ్‌లోకి (అసలు థీమ్ మీద మన మార్పులు ఉంచే పిల్ల థీమ్) కాపీ చేసి, పేరును కేటగిరీ, అడ్డగీత (హైఫన్), స్లగ్ (లింకులో కనపడే కేటగిరీ పేరు) వరసలో పెడితే చాలు. అమీర్‌పేట కోచింగ్ పద్ధతిలో అక్కడే కొత్త క్వెరీ రాసేయడం మాత్రం వద్దు. 30 పోస్టులున్నాయనుకోండి. మెయిన్ క్వెరీ లెక్కలో 10 చొప్పున మూడు పేజీలు. మీ క్వెరీ 5 చొప్పున ఆరు పేజీలకు లింకులిస్తుంది. నాలుగో పేజీ నొక్కగానే 404, అంటే పేజీ దొరకలేదన్న ఎర్రర్.

స్లగ్ దగ్గర తెలుగు సైట్లకు ఇంకో తంటా ఉంది. కేటగిరీ పేరు తెలుగులో ఇచ్చి స్లగ్ ఖాళీగా వదిలేస్తే, ఒక్కో అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు తలా తొమ్మిది క్యారెక్టర్లుగా మారతాయి. స్లగ్ హద్దు 200. 'హలీం' నాలుగు గుర్తులే, 36తో సరిపోతుంది. 'రంజాన్ ప్రత్యేకం హలీం సెంటర్లు' అంటే గుర్తులే 27, అంటే 243, తోక తెగిపోతుంది. పైగా బాడీ క్లాసులో (డిజైన్ కోడ్ కోసం పేజీకి తగిలించే గుర్తు) పేరు బదులు కేటగిరీ నంబరే వస్తుంది. పేరు తెలుగులోనే ఉంచి, స్లగ్ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో మొదట్లోనే రాసేయండి. టెంప్లేట్ ముడిపడేది స్లగ్‌తోనే కాబట్టి తర్వాత మారిస్తే పేజీ చప్పుడు లేకుండా పాత రూపానికి పోతుంది, ఎర్రర్ ఏమీ రాదు.

రంగులు మాత్రమే మార్చాలంటే టెంప్లేట్ కూడా అక్కర్లేదు, సీఎస్ఎస్ (రంగులు, సైజులు చెప్పే కోడ్) చాలు. కాకపోతే సెలెక్టర్‌లో (రంగు దేనికి వేయాలో చెప్పే భాగం) బాడీ అని తప్పక రాయాలి. అదే కేటగిరీ క్లాసు ఒక్కో పోస్టు కార్డుకూ ఉంటుంది కనుక, బాడీ మరిస్తే హోమ్ పేజీలోని హలీం పోస్టులకూ రంగు అంటుకుంటుంది.

కార్డు విషయానికొస్తే, హలీం గిన్నెను ఒకరు నిలువుగా తీస్తారు, ఇంకొకరు అడ్డంగా. ఫీచర్డ్ ఇమేజ్‌కు 4:3 నిష్పత్తి పెడితే వరస సమంగా నిలుస్తుంది. ఆ బ్లాకును కొత్తగా చేర్చినప్పుడు పోస్టు లింకు ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయకపోతే ఫొటో నొక్కినా ఏమీ జరగదు. తెలుగు శీర్షికలకు లైన్ హైట్ 1.2 చాలదు, రెండు లైన్లయితే పైలైను ఒత్తులు కిందిలైను గుడులకు తగులుతాయి. 1.5 పెట్టండి. ధర, ఏరియా కస్టమ్ ఫీల్డులుగా (పోస్టుకు అదనంగా జోడించే గడులు) ఉంటే 6.5లో వచ్చిన బ్లాక్ బైండింగ్స్‌తో పేరాగ్రాఫ్‌కు కట్టేయొచ్చు. ఆ ఫీల్డును రెస్ట్‌లో (ఎడిటర్ డేటా తెచ్చుకునే దారి, REST API) కనపడేలా రిజిస్టర్ చేయాలి, పేరు అండర్‌స్కోర్‌తో మొదలవకూడదు.

ఓల్డ్ సిటీ హలీం అని ఉపకేటగిరీ పెట్టుకుంటే దాని పోస్టులు పెద్ద పేజీలో వస్తాయి గానీ, దాని సొంత పేజీకి ఈ టెంప్లేట్ రాదు. దానికి ఇంకోటి చేసుకోవాల్సిందే.

చివరిగా, ఎడిటర్‌లో చేసిన టెంప్లేట్ థీమ్ ఫోల్డర్‌లో కాదు, డేటాబేస్‌లో ఉంటుంది, అదీ ఆ థీమ్ పేరు మీద. ఫైళ్ల బ్యాకప్ ఒక్కటే తీసుకుంటే అందులో ఇది ఉండదు, థీమ్ మారిస్తే కనపడదు. ఈద్ అయ్యాక హలీం పేజీ మామూలు రూపానికి రావాలంటే ఆ టెంప్లేట్ తీసేస్తే సరిపోతుంది, పోస్టులు పోవు. తీసేసే ముందు మాత్రం కోడ్ ఎడిటర్‌కు మారి, మొత్తం కాపీ చేసి ఒక టెక్స్ట్ ఫైల్లో దాచుకోండి. వచ్చే రంజాన్‌కు అదే పేస్ట్ చేస్తే పని అయిపోతుంది.