మేడ మీద రేకుల గదికి వేడి ఆపే షీట్ వేయించే ముందు ఇది చదవండి

వైజాగ్‌లో మేడ మీది రేకుల షెడ్డును గదిగా మార్చుకుంటున్న వాళ్లందరికీ చెబుతున్నాను. వెండిలా మెరిసే షీట్ ఒకటి చూపించి "ఇది అంటిస్తే ఏసీ అక్కర్లేదండి" అంటే నమ్మి డబ్బు ఇచ్చేయకండి. మేం ఇచ్చి 28,800 రూపాయలు పోగొట్టుకున్నాం.

మాది మర్రిపాలెం. మా అబ్బాయి ఇంట్లోంచే రాత్రి షిఫ్టు చేస్తాడు. పొద్దున్న ఎనిమిదింటికి పడుకుంటే మూడున్నరకి లేస్తాడు. కింద కుక్కరు విజిల్స్, టీవీ, వచ్చేపోయేవాళ్లు. వాడికి కంటి నిండా నిద్ర ఉండాలని మేడ మీద 12 అడుగులకి 15 అడుగుల షెడ్డు చుట్టూ గోడలు లేపి గది చేశాం. ఊరంతా నీడ వెతుక్కునే వేళకి పిల్లాడు రేకు కింద పడుకోవాలి, అదీ మా బాధ.

దుకాణంలో వాళ్లు పెద్ద బల్బు వెలిగించి, దాని కింద జానెడు దూరంలో ఆ షీట్ పట్టుకుని, షీట్ కింద నా చెయ్యి పెట్టమన్నారు. నిజంగానే వేడి తగల్లేదు. అడుగు 95 రూపాయల చొప్పున షీటుకి, 65 చొప్పున ఫాల్స్ సీలింగుకి ఒప్పుకున్నాం. పదేళ్ల వారంటీ అన్నారు, నోటి మాటగానే. నాలుగు మిల్లీమీటర్ల బుడగల షీట్‌ని రేకు అడుగున బంక రాసి అతికించి, అదే రోజు సీలింగ్ మూసేసి వెళ్లిపోయారు.

మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆ గదిలో 41 డిగ్రీలు. బయట నీడలో 35. ఒకటిన్నర టన్ను ఏసీ ఆగకుండా తిరిగినా పిల్లాడు చెమటతో లేచి కిందకి వచ్చేసి వంటింటి గడప దగ్గర చాప వేసుకునేవాడు.

ఎందుకు పనిచెయ్యలేదో తర్వాత గాజువాక నుంచి వచ్చిన మేస్త్రీ చెప్పాడు. "అమ్మా, ఈ మెరుపు షీటుకి ఒక పక్కైనా గాలి ఖాళీ ఉండాలండి. రేకుకే అంటిస్తే వేడి తాకిడితోనే దిగిపోద్ది." ఆ మాట వినగానే దుకాణంలో బల్బు గుర్తొచ్చింది. అక్కడ బల్బుకీ షీటుకీ మధ్య ఖాళీ ఉంది, షీటుకీ నా చేతికీ మధ్యా ఉంది. మా ఇంట్లో పైన బంక, కింద సీలింగ్ పలక, రెండూ షీటుని ఆనుకునే ఉన్నాయి. మెరిసే ముఖం ఎదురుగా ఓ అంగుళం ఖాళీ ఉంటేనే అది వేడిని తిప్పికొడుతుంది. చూపించింది ఒకటి, చేసింది ఇంకొకటి. అది తెలియక చేశారని నేను అనుకోను.

లెక్క కూడా చూడండి. మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకి ఇంచుమించు 1,000 వాట్లు. మా కప్పు దాదాపు 17 చదరపు మీటర్లు, అంటే 17 కిలోవాట్లు. ఒకటిన్నర టన్ను ఏసీ బయటికి తోసేది ఐదు చిల్లర. పడిన ఎండంతా లోపలికి రాదు, నిజమే. కానీ కప్పు దగ్గర ఆపకుండా ఏసీ మీద భారం వేస్తే కరెంటు బిల్లే మిగులుతుంది.

డిసెంబరులో ఇంకో కష్టం. మన ఊళ్లో చలి పెద్దది కాదు గానీ గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. మబ్బు లేని రాత్రి రేకు గాలికంటే చల్లబడిపోతుంది, తేమ దాని మీద నీరవుతుంది. షీట్ అతుకులకి టేపు కూడా వెయ్యలేదు. ఆ సందుల్లోంచి తేమ చేరి, బంక ఊడి, తెల్లవారుజామున పిల్లాడి లాప్‌టాప్ పక్కన చుక్కలు పడ్డాయి. సీలింగ్ నిండా నల్ల బూజు. ఫోన్ చేస్తే "సముద్రపు గాలికి వారంటీ వర్తించదు" అన్నారు. విశాఖపట్నంలో కొట్టు పెట్టుకుని చెప్పే మాటేనా అది?

అంతా పీకించి మళ్లీ చేయించాం. రేకు పైన ఎండని తిప్పికొట్టే తెల్ల పెయింటు, కింద ఖాళీ వదిలి 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెళ్లు (రెండు పలుచటి రేకుల మధ్య గట్టి ఫోమ్ నింపిన పలకలు), అతుకులన్నీ మూసి, ఆ ఖాళీలోని వేడి పోవడానికి రెండు చివర్లా జాలీలు. ఈ మేలో అదే వేళకి, ఏసీ వెయ్యకముందే 35 చూపించింది. ప్యానెళ్లని బంకతో కాకుండా బోల్టులతో బిగించమని పట్టుబట్టాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ రోజు మా వీధిలో రేకులు ఎగరడం కళ్లారా చూసినదాన్ని. థర్మోకోల్ వేస్తామంటే మాత్రం వైర్లు పైపుల్లోంచి లాగారో లేదో చూసుకోండి, థర్మోకోల్‌కి ఇట్టే మంట అంటుకుంటుంది.

కొటేషన్‌లో సరుకు పేరు, మందం ఎన్ని మిల్లీమీటర్లు, ఖాళీ ఎంత అనేది రాయించుకోండి. వారంటీ బిల్లు మీదే ఉండాలి. సీలింగ్ మూసేముందు మీరే పైకెక్కి ఫొటోలు తీసుకోండి, ఆఖరి వాయిదా అప్పుడే ఇవ్వండి. మేం ఈ ఒక్క పని చేసి ఉంటే మోసం అక్కడే బయటపడేది.

ఇప్పటికే మోసపోయిన వాళ్లు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు లేదు, కానీ రెండేళ్లలోపు ఫిర్యాదు చెయ్యాలి. మేం ఫిర్యాదు వేస్తున్నాం. చేతిలో ఉన్నవి యూపీఐ రసీదులు, బూజు ఫొటోలు, ఇంకా బంక ఎండి ఉన్న రెండు షీట్ ముక్కలు.