నడకా, పరుగా? తేల్చేది వేగమే

పొద్దున్నే పార్కు ట్రాక్ మీద రెండు పార్టీలు కనిపిస్తాయి. పరిగెత్తేవాళ్లని చూసి నడిచేవాళ్లు ‘మోకాళ్లు అరగదీసుకుంటున్నారు’ అంటారు. పరిగెత్తేవాళ్ల లెక్కలో నడకంటే కబుర్లకి ఓ వంక. ఏది మేలని ఎవరైనా నన్నడిగితే ముందు ఎంత వేగంతో వెళ్లాలో చెప్పమంటాను. గంటకు 7 కిలోమీటర్ల లోపైతే నడక, ఆ పైన పరుగు. అక్కడే గీత ఎందుకు పడిందో చూస్తే మిగతా వాదన చాలావరకు తేలిపోతుంది.

నడకలో నేల మీద ఆనిన కాలు దాదాపు నిటారుగా ఉంటుంది. దాని మీదుగా ఒళ్లు ముందుకి దాటుతుంది. సరిగ్గా కాలి మీదికి వచ్చేసరికి నడుము కాస్త లేస్తుంది, వేగం కాస్త తగ్గుతుంది. దాటాక నడుము దిగుతుంది, వేగం పెరుగుతుంది. బడిలో చదివిన లోలకమే ఇది, కాకపోతే తలకిందులుగా. మామూలు వేగంతో నడుస్తుంటే ఎత్తుకీ వేగానికీ మధ్య జరిగే ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో 60 నుంచి 70 శాతం దాకా శక్తి తిరిగి చేతికొస్తుంది. మిగతాది కండరాలు భరించాలి. అందులో పెద్ద భాగం ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చేటప్పుడే ఖర్చవుతుంది.

పరుగులో ఈ వెసులుబాటు లేదు. పాదం నేలకి తగలగానే ఎత్తూ వేగమూ రెండూ కలిసే తగ్గుతాయి, తోసేటప్పుడు రెండూ కలిసే పెరుగుతాయి. ఒకదాని లోటు ఇంకోటి పూడ్చదు. అక్కడ ఆదుకునేది మడమ పైన వేళ్లతో పట్టుకుంటే గట్టిగా తగిలే అకిలిస్ టెండన్. ఒంటి బరువు పడగానే ఉండేలు రబ్బరులా సాగి, పాదం లేచేటప్పుడు ఆ శక్తిని తిరిగిచ్చేస్తుంది. ఆపరేషన్లలో తీసేసిన పాదాలను యంత్రంలో నొక్కి చూసిన బ్రిటన్ శాస్త్రవేత్తలు 1987లో ఒక లెక్క చెప్పారు: పరుగులో ప్రతి అడుగుకీ తగ్గి పెరిగే శక్తిలో ఈ టెండన్ దాదాపు 35 శాతం, అరికాలి వంపు మరో 17 శాతం దాచి ఇస్తాయి.

ఇక ఖర్చు. గంటకు నాలుగున్నర, అయిదు కిలోమీటర్ల వేగంలో నడక అన్నిటికంటే చవక: కిలో బరువుకి, కిలోమీటరు దూరానికి సుమారు అర కేలరీ. పరుగుకి దాదాపు ఒక కేలరీ. విచిత్రమేమిటంటే మెల్లగా పరిగెత్తినా జోరుగా పరిగెత్తినా కిలోమీటరు ఖర్చు పెద్దగా మారదు. ఇటలీకి చెందిన మార్గారియా బృందం 1963లోనే దీన్ని కొలిచింది. అరవై కిలోల మనిషి అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ నడిచి పూర్తిచేస్తే, ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చు తీసేస్తే, 420 కేలరీల దాకా అవుతుంది. అదే పరిగెత్తితే 840. (పరిగెత్తుతూ ప్రదక్షిణ చేసేవాళ్లు ఉండరనుకోండి.)

మరి 7 దగ్గర ఏమవుతుంది? ట్రెడ్‌మిల్ ఎక్కి, పరిగెత్తకూడదని గట్టిగా అనుకుని, 5 నుంచి కొద్దికొద్దిగా వేగం పెంచండి. 6 దాటాక చేతులు మోచేతుల దగ్గర వాటంతటవే మడతపడతాయి. 6.5 దగ్గర మోకాలి కింద, ఎముక పక్కనున్న కండరం బిగుసుకోవడం తెలుస్తుంది. పాదం ముందుభాగాన్ని ప్రతి అడుగుకీ పైకెత్తి పట్టుకునేది ఆ కండరమే. 7 దాటేసరికి అది మండుతుంది. పిక్కలు కూడా అంత త్వరగా ముడుచుకుంటూ తగినంత బలంగా తోయలేవు. అప్పుడు ఒక్క గెంతు గెంతి పరుగందుకోండి, వేగం అదే అయినా కాళ్లకి హాయిగా ఉంటుంది.

దీని వెనక ఉన్నది గురుత్వాకర్షణ. పాదం కేంద్రంగా ఒళ్లు వంపు దారిలో సాగాలంటే దాన్ని కిందికి లాగి ఉంచే బలం కావాలి. వేగం మరీ పెరిగితే ఆ లాగుడు చాలక పాదం నేల వదిలేస్తుంది. చంద్రుడి మీద గురుత్వం ఆరో వంతే కాబట్టి ఈ మలుపు గంటకు 3 కిలోమీటర్ల దగ్గరే రావాలి. అపోలో వ్యోమగాములు అక్కడ గెంతుతూ తిరగడానికి ఇదో కారణం, సూట్ల బిగువు ఇంకోటి.

ఈ గీత దాటి కూడా నడిచేవాళ్లున్నారు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ప్రియాంక గోస్వామి 10 కిలోమీటర్ల నడకను 44 నిమిషాల లోపే ముగించి రజతం తెచ్చింది. గంటకు 13 కిలోమీటర్ల పైమాటే. ఈ పోటీల్లో నడుము అటూ ఇటూ తిప్పడం అందం కోసం కాదు, ఒళ్లు పైకి లేవకుండా చూసుకోవడానికి. ఆ వేగంలో పరుగే చవక.

బరువు తగ్గాలనుకునేవాళ్లకి ఈ లెక్కంతా తిరగబడుతుంది. వాళ్లకి కావాల్సింది ఖరీదైన దారి. గంటసేపు 5 వేగంతో నడిస్తే అరవై కిలోల మనిషికి మొత్తం 200 కేలరీలు, 8 వేగంతో పరిగెత్తితే 500 దాకా పోతాయి. టైం లేదంటే పరుగే మేలు. పరుగు గిట్టదంటే 7 పైన నడవండి, పరుగుకి తగ్గని ఖర్చవుతుంది. ఆ మంట ఎన్నాళ్లు ఓర్చుకుంటారన్నది మాత్రం నాకు అనుమానమే.

మోకాళ్ల భయం సగమే నిజం. నడకలో పాదం మీద పడే బలం ఒంటి బరువు కంటే కాస్తే ఎక్కువ, పరుగులో అది రెండు మూడు రెట్లు. కానీ అడుగు పొడవు పెరుగుతుంది, పాదం నేల మీద ఉండే సమయం తగ్గుతుంది. దూరం ప్రకారం చూస్తే మోకాలి మీద మొత్తం భారంలో పెద్ద తేడా ఉండదు. కొత్తవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా వారం తిరక్కుండానే దూరం రెట్టింపు చేయడం వల్ల.

నాకు అసలు తేడా కనిపించేది నరాల దగ్గర. కాళ్లాడించే లయ వెన్నుపాములోనే పుడుతుందని 1911లో గ్రాహం బ్రౌన్ అనే శాస్త్రవేత్త పిల్లుల మీద చూపించాడు. 1966లో మాస్కోలో షిక్, సెవెరిన్, ఒర్లోవ్‌స్కీ అనే శాస్త్రవేత్తలు పెద్దమెదడు తొలగించిన పిల్లి మధ్యమెదడులో ఒక చోట కరెంటు పెట్టారు. తక్కువ కరెంటుకి అది నడిచింది, పెంచితే పరుగందుకుంది, ఇంకా పెంచితే దౌడు తీసింది. లయ కుదర్చడానికి పెద్దమెదడుతో పని లేదు. పడిపోకుండా చూసుకోవడం వేరే సంగతి. నడకలో పాదం సెకనులో సగానికి పైగా నేల మీద ఉంటుంది, పరుగులో పావు సెకను. కాలి కబురు వెన్నుపాము దాకా వెళ్లి పిక్కకి ఆదేశంగా తిరిగి రావడానికి 40 మిల్లీసెకన్లు చాలు గానీ, రాయి తగిలిందని గ్రహించి కావాలని కాలు సర్దుకోవడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. పరుగులో అప్పటికే పాదం లేచిపోతుంటుంది. అందుకే షుగర్‌తో అరికాళ్లు మొద్దుబారినవాళ్లకి, తూలు ఉన్న పెద్దవాళ్లకి, తవ్విపోసిన రోడ్ల మీద తెల్లవారకముందే బయల్దేరేవాళ్లకి నా ఓటు నడకకే.

రెండూ కలిపితే? మనోజ్ శ్రీనివాసన్, లెరాయ్ లాంగ్ 2013లో ప్రచురించిన ప్రయోగంలో మనుషులకి ఇంత దూరం, ఇంత టైం అని మాత్రమే చెప్పి వదిలేశారు. నడకకి ఎక్కువ, పరుగుకి తక్కువ అనిపించే వేగాల దగ్గర వాళ్లు కాసేపు పరిగెత్తి కాసేపు నడిచారు. లెక్కకి అది సరిపోతుంది. స్టేషన్ కిలోమీటరు దూరంలో ఉంది, 8 నిమిషాలే ఉన్నాయి, అంటే గంటకు ఏడున్నర. మొత్తం పరిగెత్తితే అరవై కిలోల మనిషికి 60 కేలరీలు, విసురుగా నడిచినా అంతే. నాలుగు నిమిషాలు 10 వేగంతో పరిగెత్తి, నాలుగు నిమిషాలు 5 వేగంతో నడిస్తే 50తో సరిపోతుంది. పరుగు ముందు పెట్టుకోండి, ప్లాట్‌ఫాం చేరేసరికి ఆయాసం తగ్గుతుంది.