బిల్లులో "ఇంప్లాంట్ ఛార్జీలు" అని ఒక్క లైనే ఉందా? జాగ్రత్త

మోకాలి మార్పిడి అయ్యాక డిశ్చార్జి రోజున ఇచ్చే ప్యాకేజీ బిల్లులో "ఇంప్లాంట్ ఛార్జీలు" అని ఒక్క ముక్క రాసి, పక్కన పెద్ద అంకె వేసి ఉంటే మడిచి జేబులో పెట్టుకోకండి. కంపెనీ పేరు, లాట్ (బ్యాచ్) నంబరు లేని బిల్లుతో డబ్బు నష్టం ఎలాగూ ఉంది. అంతకన్నా పెద్ద నష్టం పదిహేను, ఇరవై ఏళ్లకు కీలు అరిగి మళ్లీ మార్చాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది.

లోపల పెట్టేవి ఇవీ: తొడ ఎముక చివర లోహపు తొడుగు, కింది ఎముక మీద లోహపు పళ్లెం, రెంటి మధ్య ప్లాస్టిక్ ముక్క. డాక్టర్ అవసరమనుకుంటే మోకాలి చిప్ప వెనక చిన్న ప్లాస్టిక్ బిళ్ల. వీటిని పట్టి ఉంచడానికి 40 గ్రాముల సిమెంటు ప్యాకెట్ ఒకటో రెండో. ప్రతి పెట్టెలో కంపెనీవాళ్లే స్టిక్కర్లు పెడతారు. ఒకటి కేస్ షీటుకు అంటిస్తారు, ఇంకొకటి మీ ఫైల్లోకి రావాలి.

స్టిక్కర్‌ని ఒక నిమిషం చదవండి. "రెఫ్" గడి పక్కన మోడల్ నంబరు, "లాట్" పక్కన బ్యాచ్, ఇసుక గడియారం బొమ్మ పక్కన గడువు తేదీ. గీత కొట్టిన 2 అంటే ఒక్కసారే వాడాలని. తొడుగు స్టిక్కర్ మీద సాధారణంగా కుడి, ఎడమ కూడా ఉంటుంది. కుడి మోకాలికి చేయించుకుని ఫైల్లో ఎడమ స్టిక్కర్ కనిపిస్తే అక్కడే నిలబడి అడగండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఎక్కువగా అరిగేది ఆ ప్లాస్టిక్ ముక్కే. లోహాలు ఎముకకు గట్టిగా పట్టుకుని ఉంటే కొన్ని కేసుల్లో ప్లాస్టిక్ ఒక్కటే మార్చి సరిపెట్టొచ్చు. కానీ అది పళ్లెంలో బిగుసుకునే గాడి కంపెనీకో తీరుగా ఉంటుంది, ఒకరిది ఇంకొకరి దాంట్లో కూర్చోదు. ఏ కంపెనీదో, ఏ సైజో తేలకపోతే బాగున్న లోహాన్ని కూడా ఉలి పెట్టి లేపాలి. దాంతోపాటు ఎముకా ఊడివస్తుంది. ఆపైన పొడుగు కాడలున్న రివిజన్ కీలు (రెండోసారి మార్పిడికి వాడేది) తప్పదు.

ధర సంగతి. 2017 ఆగస్టులో ఎన్‌పీపీఏ (మందుల ధరలు నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గరిష్ఠ ధరలు కట్టింది: మామూలు కోబాల్ట్ క్రోమియం సెట్‌కు 54,720 రూపాయలు, టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం రకాలకు 76,600, రివిజన్ సెట్‌కు 1,13,950. జీఎస్టీ అదనం. ఇప్పటి అంకె వాళ్ల వెబ్‌సైట్లో చూసుకోండి. ఇంప్లాంట్ ధర, బ్రాండు, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా చూపాలన్నది కూడా వాళ్ల నిబంధనే. పరిమితి వచ్చాక తగ్గిన డబ్బు "డిస్పోజబుల్ కిట్", "కన్స్యూమబుల్స్" పేరుతో పక్క లైనులోకి దూరుతుంది. ఆ లైనుకు వస్తువులవారీ జాబితా అడగండి. చిప్ప బిళ్లకు డబ్బు వేశారంటే దాని స్టిక్కరూ ఉండాలి, లేకపోతే ఆ బిళ్ల పెట్టారో లేదో డాక్టర్నే అడగండి.

"30 ఏళ్లు ఢోకా లేదు" అనే మాటకు అదనంగా చెల్లించకండి. అలాంటి అంకెలు ల్యాబులో యంత్రం మీద అరుగుదల చూసి చెప్పినవి. పట్టు వదిలిపోవడం, చీము పట్టడం ఆ లెక్కలో ఉండవు.

విరిగిన ఎముకకు వేసే ప్లేట్ల దగ్గర పరిస్థితి ఇంకా అధ్వానం. చాలా ప్లేట్లు, స్క్రూలు పెట్టెలో సీలు వేసి రావు. ట్రేలో సర్ది థియేటర్లోనే ఆటోక్లేవ్ చేస్తారు (వేడి ఆవిరితో క్రిములు చంపుతారు), కాబట్టి స్టిక్కరే ఉండదు. అలాంటప్పుడు సప్లయర్ ఇన్వాయిస్ నకలు తీసుకోండి. అందులో స్టీలా టైటానియమా, ప్లేటుకు ఎన్ని రంధ్రాలు, స్క్రూలు ఎన్ని అన్నది ఉండాలి. ఎక్స్‌రేలో స్క్రూలు మీరే లెక్కపెట్టొచ్చు. (టైటానియమో కాదో అయస్కాంతంతో తేల్చేద్దామనుకోకండి, ఇంప్లాంట్ స్టీలు కూడా దానికి అతుక్కోదు.) తర్వాత ప్లేటు తీయాలన్నా ఈ కాగితమే ఆధారం. 3.5 మి.మీ. లాకింగ్ స్క్రూ (ప్లేటు రంధ్రంలోనే మరతో బిగుసుకునేది) తలలో డ్రైవర్ దూరే గుంట కొన్నిటికి 2.5 మి.మీ. షడ్భుజి, కొన్నిటికి నక్షత్రం ఆకారం. సరిపడని డ్రైవర్ పెడితే తల అరిగిపోతుంది, అరగంట పని రెండు గంటలవుతుంది.

ఇప్పటికే ఆపరేషన్ అయినవాళ్లు ఆలస్యం చేయకండి. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు చికిత్స మొదలైన తేదీ నుంచి 3 ఏళ్లే దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. రెండేళ్లు దాటినవాళ్లు "స్టిక్కర్లు అంటించిన ఇంప్లాంట్ షీటు, ఆపరేషన్ నోట్సు నకళ్లు" అని స్పష్టంగా రాసి ఈ వారమే దరఖాస్తు ఇవ్వండి, దాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.