పార్కింగ్ లాట్ లైటింగ్‌కి ఏది మేలు: డయలక్సా, ఏజీఐ32నా, ఎక్సెల్ షీటా?

పార్కింగ్ లాట్‌లో ఏ పోల్ ఎక్కడ పెడితే నేల మీద ఎంత వెలుతురు పడుతుందో లెక్కించే సాఫ్ట్‌వేర్లు డయలక్స్, ఏజీఐ32. ఈ పనికి కొత్తగా వచ్చినవాళ్లు మొదట అడిగేది ఇదే: డయలక్స్ నేర్చుకోవాలా, ఏజీఐ32 నేర్చుకోవాలా? నా జవాబు ముందే చెప్పేస్తాను. ఏడాదికి ఒకటో రెండో పార్కింగ్ లాట్లు చేసేవాళ్లకి డయలక్స్ ఈవో (డయలక్స్ కొత్త కూర్పు) చాలు. నెలకి నాలుగైదు చేసేవాళ్లు డబ్బు పెట్టి ఏజీఐ32 తీసుకోవడమే మేలు. అందులో లెక్క ఎక్కువ కరెక్టుగా వస్తుందని మాత్రం అనుకోకండి. ఆరుబయట పార్కింగ్‌కి లెక్క ఎందులో చేసినా దాదాపు ఒకటే.

ఎందుకంటే ఆ లెక్క చాలా చిన్నది. 8 మీటర్ల పోల్ ఉంది, దాని మొదలు నుంచి 12 మీటర్ల దూరంలో నేల మీద ఒక చుక్క పెట్టాం అనుకోండి. పైనున్న ఫిట్టింగ్ (లైటు) నుంచి ఆ చుక్కకి ఏటవాలుగా 14.42 మీటర్లు. దాని ఘనం దాదాపు 3000. ఆ దిక్కుకి ఫిట్టింగ్ 6000 క్యాండెలాలు (ఒక దిక్కుకి వెళ్లే వెలుతురు బలానికి కొలత) ఇస్తుంటే, 6000ని పోల్ ఎత్తు 8తో గుణించి 3000తో భాగించాలి. 16 లక్స్ (ఒక చోట పడే వెలుతురుకి కొలత). అంతే. గది లోపలైతే గోడల మీద, సీలింగ్ మీద పడి తిరిగొచ్చే వెలుతురు వల్ల లెక్క చిక్కుపడుతుంది. ఇక్కడ కింద నల్లటి తారు, పైన ఆకాశం. తిరిగొచ్చేది నామమాత్రం. అందుకే ఏజీఐలో తిరిగొచ్చే వెలుతురుని కూడా లెక్కించే ఫుల్ రేడియోసిటీ అనే పద్ధతి ఉన్నా, పార్కింగ్ లాట్‌కి నేరుగా పడే వెలుతురునే చూసే డైరెక్ట్ ఓన్లీ పెట్టి క్షణాల్లో పని కానిచ్చేస్తారు.

మరి అంత చిన్న లెక్కకి ఎక్సెల్ చాలదా? ఒక పోల్‌కి చాలు. నలభై పోల్స్, కొన్ని వేల చుక్కలు, ప్రతి చుక్కకీ కోణాన్ని బట్టి మారే క్యాండెలాలు... ఆ షీట్ రాయడం కష్టం కాదు, అందులో తప్పెక్కడ దూరిందో పట్టుకోవడం కష్టం. అయినా ఎక్సెల్‌ని నేను పూర్తిగా వదల్లేదు. ఏ సాఫ్ట్‌వేర్‌లో చేసినా చివర్లో ఒక్క పోల్ ఉంచి మిగతావన్నీ ఆపేసి, ఒక్క చుక్కకి పైన చెప్పిన లెక్క వేసి చూస్తాను. రెండు నిమిషాల పని. తేడా కనిపించిన ప్రతిసారీ తప్పు నాదే.

ఇక డయలక్స్ ఈవో. జర్మనీకి చెందిన డయల్ సంస్థది. మామూలు వాడకానికి ఉచితం, ఫిట్టింగ్ కంపెనీల కేటలాగులు నేరుగా అందులోకే వస్తాయి. లెక్కించే ప్రదేశాన్ని ఏ ఆకారంలోనైనా గీసుకోవచ్చు. రిపోర్ట్ కూడా చక్కగా తయారు చేసి ఇస్తుంది. కానీ అది పుట్టింది బిల్డింగుల కోసం. పెద్ద సైటు పెట్టి, పక్కన నాలుగు బ్లాకులు కట్టి, చెట్లు కూడా నాటితే కంప్యూటర్ రొప్పడం మొదలుపెడుతుంది. పాత డయలక్స్ 4.13ని ఇప్పటికీ కంప్యూటర్‌లో దాచుకునేవాళ్లు ఉన్నారంటే ఇదొక కారణం.

ఈవోతో ఇంకో ఇబ్బంది దాని అందమే. మూడు కొలతల్లో తడి తారు మెరుస్తూ, కార్ల మీద వెలుగు జారుతూ బొమ్మ వస్తుంది. క్లయింట్ అది చూడగానే ఓకే అనేస్తాడు. అయితే ఆ బొమ్మ ఎంత కాంతిగా కనపడాలో మీరే జరుపుకోవచ్చు. 3 లక్స్ ఉన్న చోటుని పట్టపగల్లా చూపించడం నిమిషం పని. బొమ్మ చూసి ఒప్పుకున్న లేఅవుట్‌ని నేనైతే మళ్లీ అంకెల్లో చూడకుండా వదలను.

ఏజీఐ32 స్క్రీన్ చూస్తే ఇరవై ఏళ్ల కిందటి కంప్యూటర్ గుర్తొస్తుంది. అమెరికాలో పుట్టింది, కొనుక్కోవాలి. మొదటి వారం చికాకు పెడుతుంది. ఆ తర్వాత దాన్ని వదలబుద్ధి కాదు. ఒకే పోల్‌కి వీపు వీపు ఆనించిన రెండు ఫిట్టింగులు కావాలంటే ఆ అమరికని ఒక్కసారి చెబితే చాలు, ఇక పోల్ పెట్టిన ప్రతిచోటా అలాగే వస్తుంది. ఆటోక్యాడ్ డ్రాయింగ్ మీదే అంకెలు పరుచుకుంటాయి, గరిష్ఠం, కనిష్ఠం, సగటు, వాటి నిష్పత్తులు పక్కనే పట్టికలో ఉంటాయి, మొత్తం తిరిగి క్యాడ్‌లోకి వెళ్లిపోతుంది. ఒక పోల్‌ని రెండు మీటర్లు జరిపి చూడడం, మళ్లీ జరిపి చూడడం - పార్కింగ్ డిజైన్ అంటే మూడొంతులు ఇదే పని. ఏజీఐ అందులో చేతికి అడ్డం రాదు.

రీలక్స్ అనే స్విట్జర్లాండ్ సాఫ్ట్‌వేర్ కూడా ఉంది, మంచిదే. కానీ డయలక్స్ చేతిలో ఉన్నవాళ్లు దానికి మారాల్సినంత తేడా పార్కింగ్ వరకు నాకు కనపడలేదు.

సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు అసలు తేల్చుకోవాల్సింది మీ రిపోర్ట్‌ని ఏ స్టాండర్డ్‌తో చూస్తారన్నది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అమెరికా లైటింగ్ ఇంజినీర్ల సంస్థ ఐఈఎస్ వాళ్ల పార్కింగ్ స్టాండర్డ్ ఆర్‌పీ-20, 2014 కూర్పు ప్రకారం పార్కింగ్ లాట్‌లో కనిష్ఠం 5 లక్స్ ఉండాలి, గరిష్ఠం దానికి 15 రెట్లు దాటకూడదు. తర్వాత దీన్ని వాళ్ల రోడ్డు లైటింగ్ స్టాండర్డ్ ఆర్‌పీ-8లో కలిపేశారు. యూరప్ స్టాండర్డ్ ఈఎన్ 12464-2 చూసేది సగటుని: రద్దీని బట్టి 5, 10, 20 లక్స్. కనిష్ఠం ఆ సగటులో కనీసం పావు వంతు ఉండాలి. ఇప్పుడు ఒక లేఅవుట్‌లో గరిష్ఠం 60, సగటు 24, కనిష్ఠం 5 వచ్చాయనుకోండి. 60కి 5 అంటే 12 రెట్లు, అమెరికా లెక్కలో పాస్. 5ని 24తో భాగిస్తే 0.21, యూరప్ లెక్కలో ఫెయిల్. అవే పోల్స్, అవే ఫిట్టింగులు. డయలక్స్‌కి యూరప్ పద్ధతి అలవాటు, ఏజీఐకి అమెరికా పద్ధతి అలవాటు. మీ పని ఎటువైపుదో అటువైపు సాఫ్ట్‌వేర్ తీసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఫుట్‌క్యాండిల్స్ (అమెరికాలో లక్స్‌కి బదులు వాడే కొలత) అడిగే చోట లక్స్ ఇవ్వడం, లక్స్ అడిగే చోట అవి ఇవ్వడం కూడా జరుగుతుంటుంది. ఒక ఫుట్‌క్యాండిల్ అంటే 10.76 లక్స్.

ఒకసారి ఒకే లాట్‌ని రెండింటిలోనూ చేశాను, పోల్చి చూద్దామని. ఒకదాంట్లో సగటు 14 లక్స్, రెండో దాంట్లో 11.2. సాయంత్రం దాకా తల పట్టుకుని కూర్చున్నాను. ఫిట్టింగ్ ఫైల్ మార్చి చూశాను, గ్రిడ్ (లెక్కించే చుక్కల వరుసలు) మార్చి చూశాను. చివరికి చూస్తే 11.2 వచ్చినదాంట్లో లైట్ లాస్ ఫ్యాక్టర్ 0.8 ఉంది, 14 వచ్చినదాంట్లో 1 అలాగే వదిలేశాను. దుమ్ము పట్టడం, ఎల్‌ఈడీ కాంతి ఏళ్ల తరబడి తగ్గడం, వీటన్నిటికీ తగ్గించుకునే అంకె అది. 14కి 0.8 వేస్తే సరిగ్గా 11.2. రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య తేడా అనుకున్నదంతా నేను నింపని ఒక్క గడి.

దీనికంటే మోసం చేసేది ఫిట్టింగ్ ముఖం. ఫిట్టింగ్ ఏ కోణంలో ఎంత వెలుతురు ఇస్తుందో చెప్పే ఐఈఎస్ ఫైల్‌లో 0 డిగ్రీలు అంటే మామూలుగా రోడ్డు వైపు. అదే పనికి యూరప్ వాళ్లు వాడే ఎల్‌డీటీ ఫైల్‌లో రోడ్డు వైపు 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఫైల్‌ని ఒక రకం నుంచి ఇంకో రకంలోకి మార్చినప్పుడు ఇది సరిగ్గా జరక్కపోతే, ముందుకి వెలుతురు విసరాల్సిన ఫిట్టింగ్ పక్కకి తిరిగి కూర్చుంటుంది. నలభై పోల్స్‌కీ అలాగే కాపీ చేస్తే సగటు పెద్దగా మారకపోవచ్చు, కాబట్టి పట్టికలో అనుమానం రాదు. ఖాళీ డ్రాయింగ్‌లో ఒక్క ఫిట్టింగ్ పెట్టి, సమాన లక్స్ గీతలు ఎటు సాగుతున్నాయో చూశాకే కాపీ చేయాలి. ఇది ఈవోలో అయినా ఏజీఐలో అయినా ఒకటే.

గ్రిడ్ గురించి ఒక మాట. చుక్కల మధ్య 5 మీటర్లు పెడితే మూలనున్న చీకటి రెండు చుక్కల మధ్య దాక్కుంటుంది, కనిష్ఠం అసలుకంటే ఎక్కువగా కనిపిస్తుంది. 1 మీటరు పెట్టి చూస్తే అదే లాట్ ఫెయిల్ కావచ్చు. గ్రిడ్‌ని అంచు దాకా లాగకుండా మీటరు లోపలే ఆపేసినా ఇదే జరుగుతుంది. పక్కవాళ్ల లేఅవుట్ మీకంటే తక్కువ పోల్స్‌తో పాసైందంటే ముందు వాళ్ల చుక్కలు ఎంత దూరంలో ఉన్నాయో, అంచు నుంచి ఎక్కడ మొదలయ్యాయో చూడండి.

చివరగా, మనిషి ముఖం. నేల మీద 10 లక్స్ ఉన్నా, ఎదురుగా వచ్చేవాడి ముఖం మీద 1 లక్స్ కూడా పడకపోవచ్చు. అందుకే ఆర్‌పీ-20 నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున నిలువుగా కనీసం 2.5 లక్స్ అడిగింది. నిలువు కొలత డయలక్స్‌లోనూ ఏజీఐలోనూ పెట్టుకోవచ్చు, కానీ ఎటు తిరిగిన ముఖానికో మీరే చెప్పాలి. నేను నడిచే దారి వెంట నాలుగు దిక్కులకీ పెట్టి, నాలుగింటిలో తక్కువది చూస్తాను. ఆ ఒక్క అంకె కోసం పోల్స్‌ని మళ్లీ జరపాల్సి వచ్చిన లేఅవుట్లే ఎక్కువ.