పై-హోల్: నాకు క్వెరీ లాగ్ ఒక్కటి చాలు

పై-హోల్ అంటే మన నెట్‌వర్క్‌కు సొంత డీఎన్ఎస్‌గా, అంటే సైటు పేరు అడిగితే దాని నంబరు అడ్రస్ చెప్పే సర్వర్‌గా పనిచేసే సాఫ్ట్‌వేర్. అది యాడ్స్ ఆపుతుందని అందరికీ తెలుసు, ఆ సంగతి వదిలేస్తున్నా. చీమకుర్తిలో మా గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసు నెట్‌వర్క్ చూసేది నేనే. కొన్నేళ్లుగా దీన్ని ఉంచుకున్నది క్వెరీ లాగ్ పేజీ కోసం. ఏ సిస్టమ్ ఏ సైటు పేరు అడిగింది, ఏం జవాబొచ్చింది, అంతా వరసగా కనబడుతుంది. అంతకుముందు "నెట్ రావట్లేదన్నా" అంటే రూటర్ ఆపి మళ్లీ వేయడమే. ఇప్పుడు ఎన్‌ఎక్స్‌డొమైన్ అని ఉంటే ఆ పేరే లేదు, చాలాసార్లు అడ్రస్ తప్పు కొట్టి ఉంటారు. సర్వ్‌ఫెయిల్ అని ఉంటే చిక్కు డీఎన్ఎస్‌లోనే ఉంది. సగం పని అక్కడే తేలిపోతుంది.

దీని విలువ పూర్తిగా తెలిసింది ఒక సంక్రాంతి సెలవుల తర్వాత. ఫ్యాక్టరీ మూసినన్నాళ్లూ మెయిన్ ఆఫ్‌లో ఉంది. తెరిచిన పొద్దున్నే చెన్నై వెళ్లాల్సిన స్లాబుల లారీ గేటు దగ్గర నిలబడింది. రూ.50,000 దాటిన సరుకు ఈ-వే బిల్లు లేకుండా కదలకూడదు. బిల్లు సైటే కాదు, ఏ సైటూ తెరుచుకోవట్లేదు. "ఇంకెంతసేపు సార్" అని డ్రైవర్, పక్కన అకౌంట్స్ అమ్మాయి టెన్షన్. గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్ కొడితే జవాబొస్తోంది, అంటే లైను బాగానే ఉంది. సైటు పేరుకు అడ్రస్ అడిగే ఎన్‌ఎస్‌లుకప్ కమాండ్ కొడితే సర్వర్ ఫెయిల్డ్. బిల్లు ఫోన్ హాట్‌స్పాట్ మీద తీయించి, లారీని పంపించి, లాగ్ తెరిచాను.

ప్రతి వరసలోనూ బోగస్ అని ఉంది. డీఎన్ఎస్ జవాబు అసలైనదేనా అని డిజిటల్ సంతకాలతో చూసే డీఎన్ఎస్‌సెక్ తనిఖీలో జవాబు నిలవకపోతే అలా చూపిస్తుంది. కానీ లోకంలోని సైట్లన్నీ ఒకే పొద్దున బోగస్ ఎలా అవుతాయి? అప్పుడు టైము కాలమ్ మీద కన్ను పడింది. అక్కడ ఇంకా పండగకు ముందు తేదీయే నడుస్తోంది!

పై-హోల్ నడిచే చిన్న బోర్డులో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు లేనన్నాళ్లూ దాని టైము ఆగిపోయింది. డీఎన్ఎస్‌సెక్ సంతకాలు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతాయి. వెనకబడ్డ బోర్డు లెక్కలో కొత్త సంతకాలకు ఇంకా రోజే రాలేదు. టైము సరిచేసుకోవాలన్నా టైము సర్వర్ పేరు ఇదే డీఎన్ఎస్‌ని అడగాలి, అదీ బోగసే. ముడి అక్కడ పడింది. చేత్తో తేదీ ఇచ్చి డీఎన్ఎస్ సర్వీసు రీస్టార్ట్ చేయగానే అన్నీ తెరుచుకున్నాయి. ఆ కాలమ్ లేకపోతే రోజంతా నెట్ కంపెనీకి ఫోన్లు చేస్తూ కూర్చునేవాణ్ణి. తర్వాత కాయిన్ బ్యాటరీ ఉన్న డీఎస్ 3231 గడియారం మాడ్యూలు బిగించాను. మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

అంతా కనబడుతుందన్నాను గానీ, సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్‌లో ఉన్న బ్రౌజర్లు నేరుగా బయట అడుగుతాయి, అవి లాగ్‌లో పడవు. ఆఫీసు సిస్టమ్‌లలో అది ఆపించాను, జనం ఫోన్లలో ఆపించలేను. రెండో డీఎన్ఎస్‌గా బయటిది ఇస్తే కొన్ని సిస్టమ్‌లు అటే పోతాయి, లాగ్‌కు అర్థం ఉండదు. ఇవ్వకపోతే ఈ పెట్టె ఆగినప్పుడు ఆఫీసంతా ఆగుతుంది. అందుకే యూపీఎస్ మీద పెట్టాను.

మా లాంటి చిన్న ఆఫీసులో, లాగ్ తెరిచి చూసే మనిషి దగ్గరుంటే పెట్టుకోమంటాను. ఒంగోలులో మా ఇంట్లో మాత్రం రూటర్‌లో బయటి డీఎన్ఎస్ 1.1.1.1 ఇచ్చి వదిలేశాను. అక్కడా పై-హోల్ పెడితే, నేను డ్యూటీలో ఉండగా అది ఆగితే అమ్మా నాన్నా ఏం చేస్తారు?